2009 స్టార్ ట్రెక్ ప్రీక్వెలా, రీబూటా? పాతవి చూడకుండా దాంతో మొదలుపెట్టొచ్చా?

మీరు అడిగింది ఇది: స్టార్ ట్రెక్ ఇంతవరకూ ఒక్కటీ చూడలేదు, 2009లో వచ్చిన సినిమాతో మొదలుపెట్టొచ్చా? చెన్నై వేళచ్చేరిలో మీ రూమ్‌మేటేమో అది ప్రీక్వెల్ (పాతవాటికి ముందు జరిగిన కథ) కాబట్టి ముందు అదే చూడాలంటున్నాడు. మీ ఆఫీసులో సీనియరేమో అది రీబూట్ (పాతది పక్కనపెట్టి మళ్లీ కొత్తగా మొదలుపెట్టింది), అసలు స్టార్ ట్రెక్ కిందే లెక్క కాదు, పాతవన్నీ చూసి రమ్మంటున్నారు.

దాంతోనే మొదలుపెట్టండి, ఇబ్బందేమీ లేదు. కాకపోతే అది అయిపోగానే 2013లో వచ్చిన రెండో సినిమా పెట్టేయకండి. మధ్యలో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, చివర్లో చెప్తాను. ఇక ప్రీక్వెలా రీబూటా అంటే, రెండూనూ. ఒక్క పాత్ర వరకూ అయితే సీక్వెల్ కూడా. మీ రూమ్‌మేటూ, మీ సీనియరూ చెరో ముక్క పట్టుకుని లాగుతున్నారు.

నేను సాలిగ్రామంలో ఎడిటింగ్ చేస్తాను, తెలుగూ తమిళమూ రెండూ. ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో నలుగురం కూర్చుని సైన్స్ ఫిక్షన్ చూడటం చాలా ఏళ్లుగా అలవాటు. అందులో ఐసీఎఫ్‌లో (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) పనిచేసి రిటైరైన మా బాబాయ్ ఒకరు. ఎనభైల్లో ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో పాత స్టార్ ట్రెక్ వచ్చేటప్పుడు టీవీ ముందు నుంచి కదలని మనిషి. ఇంకొకరు షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనకోడలు. తను 2009 సినిమాతోనే వీటిలోకి వచ్చింది. వీళ్లిద్దరి వాదన నేను ఎన్నో ఆదివారాలు విన్నాను కాబట్టి మీ ప్రశ్న నాకు కొత్త కాదు.

ముందు కొంచెం వెనకటి సంగతి. జీన్ రాడెన్‌బెరీ తయారుచేసిన మొదటి సీరియల్ 1966 సెప్టెంబర్ 8న అమెరికాలో మొదలై 1969లో ఆగిపోయింది. మొత్తం 79 ఎపిసోడ్లు. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష ఓడకి కెప్టెన్ కర్క్‌గా విలియమ్ షాట్నర్, అతని కింది అధికారి స్పాక్‌గా లియొనార్డ్ నిమోయ్. స్పాక్ తండ్రిది వల్కన్ గ్రహం, తల్లిది భూమి. 1979 నుంచి అదే బృందంతో సినిమాలు వచ్చాయి. 1987లో కొత్త ఓడ, కొత్త మనుషులతో ఇంకో సీరియల్ మొదలైంది. అక్కడి నుంచి 2005 దాకా ఏదో ఒక స్టార్ ట్రెక్ సీరియల్ కొత్త ఎపిసోడ్లతో నడుస్తూనే ఉంది. 2002లో వచ్చిన 'నెమెసిస్' సినిమా బాక్సాఫీసు దగ్గర కూలిపోయింది. 2005లో 'ఎంటర్‌ప్రైజ్' సీరియల్‌ని నాలుగో సీజన్‌తో ఆపేశారు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి టీవీలో స్టార్ ట్రెక్ లేదు, థియేటర్లోనూ లేదు. 2009 సినిమా దర్శకుడు జె.జె. అబ్రమ్స్ చేతికి వచ్చేనాటికి పరిస్థితి అది.

ఆ ఆపేసిన 'ఎంటర్‌ప్రైజ్' కూడా ప్రీక్వెలే. కర్క్ కాలానికి వందేళ్ల వెనకటి కథ. దాని మూడో సీజన్ మొత్తం జిండి అనే శత్రువు భూమిని నాశనం చేయబోతున్నాడన్న భయం మీద నడుస్తుంది. వాళ్లు బాగానే తీశారు. కానీ ఎనభై ఏళ్ల తర్వాత కర్క్ పుట్టేది ఆ భూమి మీదే అని చూసేవాడికి తెలుసు. ఎంత బాగా కట్ చేసినా ఆ భయం పుట్టదు. ప్రీక్వెల్‌కి అసలు జబ్బు ఇదే: ఎవరు బతుకుతారో, ఏది నిలుస్తుందో ముందే తెలిసిపోతుంది.

అయితే ముగింపు తెలిసినంత మాత్రాన కథ చచ్చిపోదు. మన ఊళ్లలో కృష్ణ రాయబారం పద్యనాటకం వేస్తే రాయబారం ఫలించదని తెలియనివాడు పందిట్లో ఒక్కడూ ఉండడు. అయినా తెల్లవార్లూ కూర్చుని వన్స్ మోర్లు కొట్టేవాళ్లు. ఏ కృష్ణుడు పద్యం ఎలా ఎత్తుకున్నాడు, ఎక్కడ రాగం తీశాడు అన్నది చూసేవాళ్లు. నటుడు మారితే కృష్ణుడు మారిపోయాడని ఎవరూ గొడవ పెట్టలేదు. కర్క్‌గా క్రిస్ పైన్, స్పాక్‌గా జాకరీ క్వింటో, ఓడ డాక్టర్ మెక్‌కాయ్‌గా కార్ల్ అర్బన్ రావడంలో నాకు ఏనాడూ అభ్యంతరం లేకపోవడానికి కారణం అదే. మెక్‌కాయ్‌ని చూస్తే మా బాబాయ్‌కే కళ్లు చెమర్చాయి. పాత నటుడు డిఫారెస్ట్ కెల్లీ 1999లో పోయారు. ఆయన విసుగూ, ఆ విసుగు వెనక ఉండే ప్రేమా అర్బన్ మాటల్లో అలాగే పలుకుతాయి.

అబ్రమ్స్ బృందం ఏం చేసిందంటే, తెలిసిన ముగింపునే తెగ్గొట్టేసింది. కథకులు రాబర్టో ఓర్చీ, అలెక్స్ కర్ట్జ్‌మన్. 2387లో రాములస్ గ్రహం నక్షత్ర విస్ఫోటనంలో నాశనమవుతుంది. కాపాడటానికి వచ్చిన ముసలి స్పాక్ సమయానికి చేరలేకపోతాడు. ఆ కోపంతో నీరో అనే రాములన్, అతని వెనకే స్పాక్, ఇద్దరూ కాలంలో వెనక్కి పడతారు. నీరో ముందుగా 2233లో తేలి కెల్విన్ అనే ఓడ మీద దాడి చేస్తాడు. ఆ క్షణం నుంచి చరిత్ర రెండు పాయలవుతుంది. పాత సీరియళ్లూ సినిమాలూ ఒక పాయలో ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. కొత్త పాయలో ఎవరికి ఏమైనా కావచ్చు. ముసలి స్పాక్‌గా నిమోయ్ స్వయంగా నటించారు. ఆయన వరకూ ఇది పాత కథకి కొనసాగింపు. కుర్రాళ్ల వరకూ పూర్వకథ. సినిమా తీసే సంస్థ వరకూ కొత్త మొదలు.

ఆ కెల్విన్ సీక్వెన్స్ ఒక్కటీ చాలు ఈ సినిమా చూడటానికి. మా అసిస్టెంట్లకి నేను ఆపి ఆపి చూపించే భాగం అది. దాడి మొదలవగానే ఓడకి చిల్లుపడి ఒక సిబ్బంది మనిషి అంతరిక్షంలోకి ఈడ్చుకుపోతుంది. అరుపులు, సైరన్లు, పేలుళ్లు, అన్నీ ఆమె బయటపడగానే టక్కున ఆగిపోతాయి. పూర్తి నిశ్శబ్దం. అంతరిక్షంలో చప్పుడు ఉండదన్న సైన్సు ఒకటి, లోపలి గోల ఎంత పెద్దదో బయటికొచ్చాక తెలియడం ఒకటి, రెండూ ఒకే కట్‌లో దొరికాయి. తర్వాత కర్క్ తండ్రి జార్జ్ ఓడని నీరో ఓడ మీదికి నడుపుతూ, వేరే షటిల్‌లో నొప్పులు పడుతున్న భార్యతో మాట్లాడుతూ ఉంటాడు. పుట్టిన బిడ్డ ఏడుపు వింటాడు. ఇద్దరూ కలిసి పేరు పెడతారు. అక్కడ పేలుళ్లు వెనక్కి తగ్గి మైకేల్ జకీనో సంగీతం ముందుకొస్తుంది. ఎడిటర్లు మేరియన్ బ్రాండన్, మేరీ జో మార్కీ. జార్జ్ ఓడకి కెప్టెన్‌గా ఉన్నది 12 నిమిషాలు, కాపాడింది 800 మందిని అని తర్వాత ఒక పాత్ర కర్క్‌తో అంటుంది.

పాత అభిమానికి ఈ సన్నివేశం ఇంకో రకంగా తగులుతుంది. పాత చరిత్రలో కర్క్ తండ్రి అలా చనిపోలేదు. కొడుకు కెప్టెన్ కావడం కళ్లారా చూశాడు. మంచు గుహలో ముసలి స్పాక్ ఆ మాట కుర్ర కర్క్‌కి చెప్తాడు. నాకు దొరకాల్సిన జీవితం ఇంకొకటి ఉంది, అందులో మా నాన్న ఉన్నాడు అని కర్క్‌కి తెలిసే క్షణం అది. మొదటిసారి చూసే మీకు కూడా అది అందుతుంది. అందుకే మొదలుపెట్టొచ్చు అంటున్నాను.

ఇప్పుడు మీ సీనియర్ వైపు వాదన. దాన్ని తేలిగ్గా తీసుకోకండి, అందులో పస ఉంది. చిన్న పేచీలు పక్కన పెడదాం. డెల్టా వేగా గ్రహం పాత సీరియల్‌లో గెలాక్సీ అంచున ఉండేది, ఇక్కడ వల్కన్ పక్కకి ఎలా వచ్చింది, కెమెరాలోకి ఆ వెలుగుచారలు ఎందుకన్ని, ఇంజిన్ రూమ్ బీరు ఫ్యాక్టరీలా ఉందేమిటి (నిజంగానే బీరు ఫ్యాక్టరీలో తీశారు). ఇవి టీ తాగుతూ మాట్లాడుకునేవి. అసలు ఫిర్యాదులు రెండు.

మొదటిది కర్క్ స్వభావం. పాత కర్క్ చదువుల మనిషి. 1966లో వచ్చిన రెండో పైలట్ (నమూనా) ఎపిసోడ్‌లోనే అతని స్నేహితుడు, అకాడమీ రోజుల్లో కర్క్ కాళ్లున్న పుస్తకాల దొంతరలా ఉండేవాడని చెప్తాడు. వేరే ఓడల్లో చిన్న ఆఫీసర్‌గా పనిచేసి, పక్కవాళ్ల చావులు చూసి కెప్టెన్ అయినవాడు. కొత్త కర్క్ బార్‌లో కొట్లాడి, పరీక్షలో మోసం చేసి, సస్పెన్షన్‌లో ఉండి దొంగచాటుగా ఓడెక్కి, సినిమా అయ్యేసరికి అదే ఓడకి కెప్టెన్ అయిపోతాడు. "ఐసీఎఫ్‌లో అప్రెంటిస్‌ని ఒక్క ప్రమాదం తప్పించాడని జనరల్ మేనేజర్ని చేస్తారా?" అంటారు బాబాయ్. మా మేనకోడలు దానికి చెప్పే జవాబు కూడా గట్టిదే: "తాతయ్యా, ఆ కర్క్‌ని పెంచిన నాన్న వీడికి లేడు కదా. నాన్న లేకపోతే కర్క్ ఎలా తయారయ్యేవాడో అదే చూపించారు." స్వభావం వరకూ నాకు ఆమె మాట నచ్చుతుంది. ప్రమోషన్ వరకూ బాబాయ్ మాటే. ఆ ఆఖరి ఐదు నిమిషాలకి ముందు కొన్నేళ్లు గడిచినట్టు చూపిస్తే సరిపోయేది. నా టేబుల్ మీదకి వస్తే నేను అడిగేదాన్ని అదే.

రెండోది ఇంకా లోతైనది: చెడిన చరిత్రని ఎవరూ బాగుచేయాలనుకోరు. పాత సీరియల్‌లో 1967లో వచ్చిన 'ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్' అని ఒక ఎపిసోడ్ ఉంది. మెక్‌కాయ్ పొరపాటున 1930 నాటి న్యూయార్క్‌కి వెళ్లి ఒకామెని ప్రమాదం నుంచి తప్పిస్తాడు. ఆమె బతికితే శాంతి ఉద్యమం నడిపి అమెరికాని యుద్ధంలోకి ఆలస్యంగా దించుతుంది, ఆ ఆలస్యంతో హిట్లర్ గెలుస్తాడు. వెనకే వెళ్లిన కర్క్ ఆమెని ప్రేమిస్తాడు. చివరికి ఆమెని కాపాడబోతున్న మెక్‌కాయ్‌ని తానే పట్టుకుని ఆపేస్తాడు. కళ్లముందే ఆమె చనిపోతుంది. అది చూసి పెరిగినవాడికి ఒక నియమం మనసులో నాటుకుంది: చరిత్ర చెడితే ఎంత నష్టమైనా భరించి సరిచేయాలి.

2009 సినిమాలో నీరో వల్కన్ గ్రహాన్నే కృష్ణబిలం చేత మింగించేస్తాడు. ఆరు వందల కోట్ల మంది. మిగిలింది పది వేలు. స్పాక్ తల్లి అతని చెయ్యి అందేంత దూరంలో ఉండగా కొండచరియతో పాటు పడిపోతుంది. ముసలి స్పాక్ తన జీవితంలో ఎన్నోసార్లు కాలంలో వెనక్కి వెళ్లొచ్చినవాడు. 1986 సినిమాలో అయితే రెండు తిమింగలాల కోసం వెళ్లాడు. "తిమింగలాల కోసం వెళ్లినవాడు సొంత గ్రహం కోసం ఎందుకు వెళ్లడు రా?" అని బాబాయ్ అడిగినప్పుడు గదిలో ఎవరూ వెంటనే మాట్లాడలేకపోయారు.

కథ లోపల జవాబు ఉంది. ఇది పాత చరిత్ర చెడిపోవడం కాదు, దాని పక్కన కొత్త పాయ పుట్టడం. బ్రిడ్జి (ఓడని నడిపే గది) మీద సిబ్బందిలో ఒకరైన ఉహూరా, స్పాక్ ఆ మాట అనుకుంటారు. పాత పాయలో వల్కన్ క్షేమంగానే ఉంది. 2020లో వచ్చిన 'పికార్డ్' సీరియల్ ఆ పాయలోనే, రాములస్ పోయిన తర్వాతి కాలంలోనే నడుస్తుంది. కాబట్టి సరిచేయడానికి చెడిందేమీ లేదు. తర్కానికి ఇది నిలబడుతుంది. కానీ తర్కం నిలబడినంత మాత్రాన మనసు ఒప్పుకోదు. ముసలి స్పాక్ చేత ఆ ప్రయత్నం ఎందుకు చేయకూడదో ఒక్క మాట అనిపించి ఉంటే, నిమోయ్ లాంటి నటుడు ఆ ఒక్క మాటతో హాలంతా గడ్డకట్టించేవారు. ఆ మాట లేకపోవడం సినిమాకి పెద్ద లోటు అని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే ఈ సినిమా దుఃఖానికి చోటే ఇవ్వలేదన్న ఆరోపణని మాత్రం నేను ఒప్పుకోను. స్పాక్ చిన్నప్పుడు తండ్రిని అడుగుతాడు, అమ్మని ఎందుకు పెళ్లి చేసుకున్నావని. భూమికి రాయబారిగా అది తర్కబద్ధమైన పని అంటాడు తండ్రి సారెక్. ఆమె పోయాక, కొడుకు కోపంతో అదుపు తప్పి పదవి వదులుకున్నాక, అదే తండ్రి పక్కకొచ్చి నిలబడి, ఆమెని ప్రేమించాను కాబట్టి పెళ్లి చేసుకున్నాను అని చెప్తాడు. ఇద్దరి ముఖాలూ, తక్కువ మాటలూ, కట్‌లు తొందరపడవు. అంత వేగంగా పరిగెత్తే సినిమా అక్కడ ఆగి ఊపిరి తీసుకుంటుంది. పాత అభిమానులకి ఈ సీన్ మళ్లీ వేసి చూపించండి, చాలామంది మెత్తబడతారు.

డబ్బు సంగతి ఒక్క ముక్క. 15 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి దాదాపు 38.5 కోట్ల డాలర్లు వచ్చాయి. మేకప్‌కి ఆస్కార్ వచ్చింది, మొత్తం స్టార్ ట్రెక్ సినిమాల్లో అదే మొదటి ఆస్కార్. ఈ సినిమా ఆడకపోయి ఉంటే ఇవాళ మనం వాదించుకోవడానికి కొత్త సీరియళ్లు వచ్చేవని నేననుకోను.

ఇక 2013 నాటి 'ఇంటు డార్క్‌నెస్' దగ్గర ఎందుకు ఆగమన్నానో చెప్తాను. అది 1982లో వచ్చిన 'ది రాత్ ఆఫ్ ఖాన్'లోని చావు సన్నివేశాన్ని తిరగేసి వాడుకుంది. పాతదాంట్లో స్పాక్ ఓడని కాపాడటానికి రేడియేషన్ గదిలోకి వెళ్లి చనిపోతాడు, అద్దానికి ఇటు కర్క్. కొత్తదాంట్లో కర్క్ లోపల, స్పాక్ బయట. పాతది ఎందుకు పిండేస్తుందంటే, ఆ ఇద్దరి స్నేహాన్ని జనం 79 ఎపిసోడ్లు చూశారు, నటుల ముఖాల మీద ముడతలు వచ్చేదాకా చూశారు. కొత్త ఇద్దరికీ పరిచయమై ఇంకా ఎంతో కాలం కాలేదు. పైగా 1982లో పోయిన స్పాక్ తిరిగి రావడానికి ప్రేక్షకుడు 1984 సినిమా దాకా, రెండేళ్లు ఆగాడు. ఇక్కడ కర్క్ కొద్ది నిమిషాల్లో విలన్ ఖాన్ రక్తంతో లేచి కూర్చుంటాడు. చావు తర్వాత ఎంత ఖాళీ వదిలితే చూసేవాడు దాన్ని అంత నమ్ముతాడు. కొత్త చరిత్ర పాయ పుట్టించుకున్నదే పాతదాన్ని వదిలి స్వేచ్ఛగా నడవడానికి. ఆ స్వేచ్ఛ చేతిలో పెట్టుకుని మళ్లీ పాత సీన్ వైపే చెయ్యి చాచడం నాకు బాధగా ఉంటుంది. 2013లోనే లాస్ వేగస్‌లో జరిగిన అభిమానుల సభలో 'ఇంటు డార్క్‌నెస్'ని అన్ని సినిమాల్లోకీ ఆఖరిగా లెక్కగట్టారు. అంత అన్యాయంగా నేను మాట్లాడను, నటన బాగుంది. కానీ పాతది చూడకుండా ముందు ఇది చూస్తే, పాతదాని దెబ్బ మీకు తగలకుండా పోతుంది. అది పోగొట్టుకోకండి.

2016 నాటి 'బియాండ్' వీటిలో స్టార్ ట్రెక్ మనసుకి దగ్గరగా వచ్చింది. కర్క్ తన పుట్టినరోజున తండ్రి చనిపోయిన వయసు దాటానని అనుకుంటాడు. నిమోయ్ 2015లో పోయారు. ఆయన పోషించిన ముసలి స్పాక్ మరణవార్త కుర్ర స్పాక్‌కి అందుతుంది, ఆయన పెట్టెలో పాత బృందం ఫొటో దొరుకుతుంది. ఆ ఫొటో చూసి మా ఇంట్లో బాబాయ్, మేనకోడలు ఇద్దరూ ఒకేసారి కళ్లు తుడుచుకున్నారు.

ఒక మాట, మీరు అడగకపోయినా. ప్రీక్వెల్ జబ్బుకి ఇంకో మందు కూడా ఉంది. 2022లో మొదలైన 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' పాత పాయలోనే, కర్క్‌కి ముందు ఎంటర్‌ప్రైజ్ ఓడని నడిపిన కెప్టెన్ పైక్ కథ. పైక్ చివరికి ప్రమాదంలో శరీరమంతా కాలి కుర్చీకి పరిమితమవుతాడని 1966లోనే చూపించేశారు. ఆ ముగింపుని వీళ్లు తెగ్గొట్టలేదు, పైక్‌కే తెలియజేశారు. తనకి ఏం జరగబోతోందో తెలిసిన మనిషి ప్రతి ఉదయం లేచి యూనిఫాం వేసుకుంటాడు, సిబ్బందికి వంట చేసి పెడతాడు. చూసేవాడికి తెలిసిందే నాయకుడికీ తెలుసు. ప్రీక్వెల్‌ని నడపడానికి నేను చూసిన పద్ధతుల్లో నాకు ఎక్కువ నచ్చింది ఇది. అబ్రమ్స్ పద్ధతి కంటే కష్టమైనది కూడా.

మీకు నేను చెప్పే వరస: ముందు 2009 సినిమా. తర్వాత పాత సీరియల్ నుంచి 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్', 'ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్', స్పాక్ తల్లిదండ్రులు వచ్చే 'జర్నీ టు బాబెల్', ఖాన్ మొదటిసారి కనిపించే 'స్పేస్ సీడ్'. ఒక్కోటి సుమారు 50 నిమిషాలు. సెట్లు అట్టముక్కల్లా ఉంటాయి, మొదటి పావుగంట ఓర్చుకుంటే తర్వాత కనపడవు. ఆ పైన 'రాత్ ఆఫ్ ఖాన్'. అందులో కర్క్ ఒక ఆపిల్ కొరుకుతూ తన అకాడమీ పరీక్ష గురించి మాట్లాడతాడు. 2009లో అదే పరీక్ష రాస్తూ కుర్ర కర్క్ ఆపిల్ ఎందుకు నములుతున్నాడో అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత 'ఇంటు డార్క్‌నెస్', 'బియాండ్' ఎలాగైనా చూసుకోండి. పైక్ సీరియల్‌కి వెళ్లాలనిపిస్తే మాత్రం ముందు పాతదాంట్లో 'ది మెనాజరీ' రెండు భాగాలూ చూడండి. అవి చూడకపోయినా కథ అర్థమవుతుంది, కానీ పైక్ వంటింట్లో నిలబడి నవ్వుతున్నప్పుడు మీకు తెలియాల్సింది అందులో ఉంది.